ఉండ నిలవాలంటే

కార్తీకమాసం వచ్చిందంటే ఒంగోల్లో మాంసం కొట్ల దగ్గర రద్దీ తగ్గి కూరగాయల బజార్లో పెరుగుతుంది. ఆదివారం కోడి, మధ్యలో ఓ రోజు కొత్తపట్నం చేపలు అని వారానికి లెక్క కట్టుకునే ఇళ్లలో ఆ నెల్లాళ్లూ ఒకటే గోల: ముక్క లేకుండా ముద్ద దిగేదెట్లా? పెళ్లి వంటవాళ్లు దీనికి ఎప్పుడో ఒక జవాబు కనిపెట్టారు. మీల్‌మేకర్. నూనె తీసేసిన సోయా పిండిని యంత్రంలో వేడితో, ఒత్తిడితో ఉబ్బించి ఎండబెట్టిన ముక్కలవి. వేడినీళ్లలో నానేసి, పిండి, మసాలా దట్టించి బిర్యానీలో వేస్తారు. బంతిలో సగం మంది ఇష్టంగా తింటారు, మిగతా సగం విస్తరి అంచుకు నెట్టేస్తారు. నాది రెండో సగం.

అదే గింజకు ఇంకో రూపం టోఫు, సోయా పాలు విరగ్గొట్టి చేసేది. దాన్ని ఉండలు చుట్టి, నూనెలో దేవకుండా అవెన్‌లో కాల్చుకోవడం గురించి ఈ వారం. మీట్‌బాల్స్‌కు శాకాహారపు బదులుగా దీన్ని చెబుతుంటారు. హైదరాబాద్ హైటెక్ సిటీలో 2018 ఆగస్టు 9న స్వీడన్ ఫర్నిచర్ కంపెనీ ఐకియా దుకాణం తెరిచాక ఆ మీట్‌బాల్స్ అన్న మాట మనవాళ్ల నోళ్లలో బాగా నలిగింది. స్వీడన్‌లో గొడ్డుమాంసం, పందిమాంసం కలిపి చేసే ఆ ఉండల్ని ఇక్కడ కోడిమాంసంతో ఒక రకం, కూరగాయలతో ఒక రకం చేసి వడ్డించారు. సోఫా చూడ్డానికని వెళ్లి ఉండలు తినొచ్చినవాళ్లు మా వీధిలోనూ ఉన్నారు. కూరగాయల ఉండ తిన్నామని చెప్పినవాళ్లను ఎవరైనా అడిగేది ఒకటే: "మాంసం మాదిరే ఉందా?"

ఆ అడగడమే సరికాదంటాను నేను. ఉండ చుట్టడం మనకు స్వీడన్‌వాళ్లు నేర్పాలా? శనగపప్పు నానేసి, పచ్చిమిరపకాయలు, జీలకర్ర వేసి బరకగా రుబ్బి, ఉండలు చేసి, ఆవిరి పట్టి చింతపండు పులుసులో వేసే ఉండల పులుసు మన ఇళ్లలో ఎప్పటినుంచో ఉంది. ఆ ఉండ కొరికి ఇందులో మాంసమేదని ఎవరూ అడగలేదు. మాంసం తినేవాళ్లు కైమా ఉండలు చేస్తారు. కైమాలో పుట్నాల పిండి, గసగసాలు, కొబ్బరి, చెక్కా లవంగం వేసి నూరి చుడతారు. అందులోనూ ఉండను విడిపోకుండా పట్టి ఉంచేది శనగే. టోఫు ఉండ ఈ రెంటికీ వరసకు చెల్లెలు. ఎవరి నకలూ కాదు.

శనగ సంగతి ఒంగోలువాళ్లకు చెప్పడం దండగ. అక్టోబరు, నవంబరు వానలు వెళ్లాక నల్లరేగడిలో మిగిలిన తేమ మీదే చేలు పచ్చబడతాయి. 1999లో విడుదలైన జేజీ 11 రకం వచ్చినాక జిల్లాలో శనగ ఎంత పెరిగిందో పొగాకు మానేసి అటు మళ్లిన రైతునడిగితే చెబుతాడు. సోయా మాత్రం మన చేలల్లో కనబడదు. అది ఉత్తర తెలంగాణలో, ఆదిలాబాద్, నిర్మల్, నిజామాబాద్, కామారెడ్డి వైపు వానాకాలం పంట. అంటే ఈ ఉండలో గింజ వాళ్లది, బిగువు మనది, కారం గుంటూరుది.

సోయా గింజలో నూటికి ముప్పైఆరు నుంచి నలభై వంతులు మాంసకృత్తులు, ఇరవై వంతుల దాకా నూనె. ఈ బలం చూసే 1935లో వార్ధా మగన్‌వాడీలో గాంధీ తన వాళ్లకు సోయా పెట్టి చూశారు, ఆ ముచ్చట హరిజన్ పత్రికలో రాశారు కూడా. అయినా మన వంటింట్లో అది నిలదొక్కుకోలేదు. కారణం వాసనే అనుకుంటాను. ఉడికించిన సోయా గింజ పచ్చి చిక్కుడు వాసన వేస్తుంది, ఎంత తాలింపు పెట్టినా ఆ వాసన పైకి వస్తుంది. చైనావాళ్లు గింజను వదిలి పాలు పట్టుకున్నారు. హాన్ వంశపు రాజకుమారుడు లియు ఆన్ టోఫును కనిపెట్టాడని వాళ్ల ఐతిహ్యం. రాతలో మాత్రం పదో శతాబ్దం నాటికి ఆ పదార్థం కనిపిస్తుంది.

మార్కెట్లో టోఫు ప్యాకెట్ దొరుకుతుంది, పనీరు పక్కనే పెడతారు. కాని ఇంట్లో చేసుకున్నదాని రుచి వేరు. పావుకిలో సోయా గింజలు కడిగి రాత్రి నానేయండి. ఎండాకాలమైతే ఆరు గంటలు చాలు, ఒంగోలు ఎండకు అంతకు మించితే నీళ్లు నురగ కట్టి పులుస్తాయి. రుబ్బేటప్పుడు బాగా మరిగిన నీళ్లు పోసి రుబ్బండి. గింజ నలిగీ నలగ్గానే అందులోని ఒక ఎంజైము నూనె మీద పనిచేసి ఆ చిక్కుడు వాసన పుట్టిస్తుంది. వేడినీళ్లు దాని పని ఆపేస్తాయి. వేడి పిండితో మిక్సీ జార్ మూత ఎగిరిపడుతుంది కాబట్టి సగానికి మించి నింపకుండా, కొంచెం కొంచెంగా తిప్పాలి. మొత్తం మీద రెండు లీటర్ల నీళ్లు పడతాయి.

రుబ్బినదాన్ని పంచె గుడ్డలో వడగట్టి పాలు కాచాలి. సోయా పాలు పొంగినట్టు ఆవుపాలు కూడా పొంగవు, అందుకని పెద్ద గిన్నె పెట్టుకోండి. పొంగు వచ్చిందని దించేయకూడదు. పచ్చి సోయాలో మాంసకృత్తులను అరగనివ్వని పదార్థం ఒకటుంది. పొంగు వచ్చాక సన్నసెగ మీద ఇంకో పది, పదిహేను నిమిషాలు కలుపుతూ మరిగిస్తేనే దాని పస పోతుంది. గుడ్డలో మిగిలిన పిప్పిని పారేయకండి. ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి పొడికూర చేసుకోవచ్చు, రొట్టె పిండిలో కలుపుకోవచ్చు.

దించిన పాలు కాస్త చల్లారి ఎనభై డిగ్రీలకు వచ్చాక నిమ్మరసంలో అంతే నీళ్లు కలిపి కొంచెం కొంచెం పోస్తూ గరిటెతో మెల్లిగా తిప్పాలి. మూడు నిమ్మకాయలు పడతాయి. పాలు విరిగి లేతపసుపు నీరు విడిందంటే ఆపేయాలి, మూత పెట్టి పది నిమిషాలు ముట్టుకోకూడదు. మొదటిసారి ఇది చూసిన మా అత్తయ్య ఊరుకోలేదు.

"ఏందమ్మాయ్, పనీరా?"

"కాదత్తయ్యా, సోయా గింజల పాలు. విరగ్గొట్టాను."

"మంచి పాలు విరిగితేనే బాధపడతాం. గింజల్ని నూరి పాలు చేసి, మళ్లా పనిగట్టుకుని విరగ్గొట్టడమేందీ!"

ఆమె మాటకు నా దగ్గర జవాబు లేదు గాని, విరగ్గొట్టే మందు దగ్గర ఒక చిత్రం ఉంది. నిమ్మరసం ఇంటి పద్ధతి. చైనాలో ఎక్కువగా జిప్సం వాడతారు. జపాన్‌లో తరతరాలుగా వాడింది సముద్రపు నీటి నుంచి ఉప్పు తీశాక మిగిలే చేదునీరు. అందులో మెగ్నీషియం క్లోరైడ్ ఉంటుంది. మనకూ చినగంజాంలో, కనుపర్తిలో ఉప్పు మళ్లున్నాయి. చినగంజాం 2022లో బాపట్ల జిల్లాలోకి పోయింది గాని ఆ ఉప్పు ఇంకా మన ఉప్పే. ఆ మళ్లలో మిగిలే చేదునీరూ ఇలాంటిదే. అలాగని మడి నీళ్లు సీసాలో పట్టుకొచ్చి వంటలో పోయకండి, తినడానికని శుద్ధి చేసిందే వాడాలి. నిమ్మరసంతో విరిగిన టోఫు కొంచెం పొరపొరలుగా, కాస్త పుల్లగా ఉంటుంది. తినడానికి ముక్కలు కోయాలంటే అది లోపం. ఉండకు ఎలాగూ చిదుముతాం కాబట్టి నాకు అదే నచ్చుతుంది.

విరిగినదాన్ని చిల్లుల గిన్నెలో గుడ్డ పరిచి పోసి, గుడ్డ మడిచి, పైన పొత్రం పెట్టండి. పావుకిలో గింజలకు మూడువందల యాభై, నాలుగువందల గ్రాముల టోఫు వస్తుంది. అదే రోజు వాడకపోతే మంచినీళ్లలో ముంచి ఫ్రిజ్‌లో పెట్టి, రోజూ నీళ్లు మార్చాలి. మూడు రోజులు దాటనివ్వొద్దు.

ఇక్కడి నుంచి పనంతా నీళ్లతో పోరాటమే. గట్టి టోఫులో కూడా నూటికి డెబ్బై, ఎనభై వంతులు నీళ్లుంటాయి. ఆ నీళ్లుండగా ఏ పిండి కలిపినా ఉండ జావయిపోతుంది, అవెన్‌లో పెడితే కాలకుండా ఉడుకుతుంది. పొత్రం కింద గంట ఉంచితే కొంత పోతుంది. అంతకన్నా నమ్మకమైన దారి ఫ్రీజర్. టోఫును ఒక రాత్రి గడ్డకట్టించి, మర్నాడు కరగనిచ్చి, రెండు అరచేతుల మధ్య పిండితే నీళ్లు ధారగా కారతాయి. గడ్డకట్టేటప్పుడు మంచు పలుకులు లోపల సందులు చేస్తాయి, కరిగాక ఆ సందుల్లోంచే నీరు జారిపోతుంది. అలా పిండిన టోఫు చిదిమితే కైమాలాగే పలుకుపలుకుగా వస్తుంది, మసాలాను బాగా పీల్చుకుంటుంది. జపాన్‌వాళ్లు ఈ గడ్డకట్టించిన టోఫును ఎండబెట్టి నిలవ కూడా చేసుకుంటారు.

జపాన్ ప్రస్తావన వచ్చింది కాబట్టి ఒక మాట. గన్‌మొదొకి అని వాళ్లకో వంటకం ఉంది. పిండిన టోఫులో క్యారెట్ తురుము, నువ్వులు, పెండలం జాతి దుంప తురుము కలిపి బిళ్లలు చేసి నూనెలో వేయిస్తారు. ఆ తురుము జిగురు పట్టి ఉంచుతుంది. మనకు ఆ పని పుట్నాల పప్పు చేస్తుంది, ఇంకా బాగా చేస్తుంది. పుట్నాలు వేయించిన శనగ కాబట్టి మిగిలిన తడిని లాగేస్తుంది, పచ్చి శనగపిండి లాగా నాలుకకు వగరు తగలదు. నాలుగువందల గ్రాముల టోఫు చిదుపుకు యాభై గ్రాముల పుట్నాల పిండితో మొదలుపెట్టండి. గుప్పిట్లో నొక్కి వదిలితే వేళ్ల అచ్చు నిలిచి, అరచేతికి తడి అంటకూడదు. అంటితే ఇంకో చెంచా వేయాలి. బ్రెడ్ పొడి వేయమంటారు కొందరు. పుట్నాలున్న ఊళ్లో ఆ అవసరం నాకు కనబడలేదు.

ఉల్లిపాయను పచ్చిగా వేయకూడదు, ఉప్పు తగలగానే నీళ్లూరి చేసిన పనంతా చెడుతుంది. సన్నగా తరిగి ఎర్రగా వేయించి, చల్లార్చి కలపాలి. అల్లంవెల్లుల్లి, పచ్చిమిర్చి, కరివేపాకు, కొత్తిమీర, వేయించి పొడికొట్టిన గసగసాలు, చెక్కా లవంగాల పొడి, ఒక చెంచా గుంటూరు కారం, సరిపడా ఉప్పు. టోఫు చప్పటి సరుకు, మామూలు వడల పిండికి వేసేదానికన్నా ఉప్పూ కారం ఒక పిసరు ఎక్కువే పడుతుంది. కారం తేజ అయితే మాత్రం చెంచాకు ముప్పావే వేయండి. సన్నం రకమైతే నిండుగా వేసుకోవచ్చు. చివర్న రెండు చెంచాల నువ్వుల నూనె పోసి పిసకాలి. మాంసంలో ఉన్న కొవ్వు ఇందులో లేదు, ఆ చెంచాలు తగ్గిస్తే ఉండ కాలాక గొంతులో పొడిగా అడ్డం పడుతుంది.

పెద్ద ఉసిరికాయంత ఉండలు చేస్తే ఇరవై దాకా వస్తాయి. పళ్లేనికి నూనె రాసి ఎడమెడంగా పేర్చి, పైన కూడా నూనె పూసి, ముందే వేడెక్కిన అవెన్‌లో రెండువందల డిగ్రీల దగ్గర పెట్టాలి. పావుగంటకు తిప్పి, ఇంకో పది పదిహేను నిమిషాలు. పైన ఎర్రగా పొర కట్టాలి. తీసిన వెంటనే విరవకండి, ఐదు నిమిషాలు ఆగితే లోపలి ఆవిరి సర్దుకుని గట్టిపడతాయి.

అవెన్ అనగానే కేకులు, పిజ్జాలు అనుకుంటాం గాని పైనా కిందా వేడి పెట్టి కాల్చడం మనం ఎరుగని పని కాదు. దిబ్బరొట్టె వేసేవాళ్లు మందపాటి గిన్నె కింద నిప్పులు, మూత మీద నిప్పులు పెట్టేవాళ్లు.

కాలిన ఉండల్ని ఏంచేయాలన్నది ఎవరిష్టం వాళ్లది. టమాటా గుజ్జులో వేసి స్పఘెట్టీ మీద పెట్టుకునే పిల్లలు డాలస్‌లో, న్యూజెర్సీలో ఉన్నారు, తిననీయండి. నా మటుకు చింతపండు పులుసే. బెల్లం ముక్క, మెంతిపొడి వేసి చిక్కగా మరిగించి, పొయ్యి కట్టేశాక ఉండలు వేసి మూత పెడతాను. పులుసుతో కలిపి ఉడికించకూడదు, విడిపోతాయి. పది నిమిషాల్లో కావలసినంత పీల్చుకుంటాయి. గోంగూరలోనూ బాగుంటాయి, దానికి చెక్కా లవంగం తగ్గించాలి.

వడ్డించేటప్పుడు ఇది టోఫు అని చెప్పే పెట్టండి. సోయా పడనివాళ్లు కొందరుంటారు, వాళ్లకు తెలియాలి. చెప్పకుండా మాంసమనిపించాలని చూస్తే తినేవాళ్లు నాలుకతో తప్పులు వెతుకుతారు. ఉండల పులుసని పెడితే ఉప్పు చాలిందా, పులుపు ఎక్కువైందా అని మామూలుగా మాట్లాడుకుంటారు. మా ఇంట్లో ఈ కూర రెండో మారు అడిగి వేయించుకున్నది మా అత్తయ్యే.

అవెన్ లేనివాళ్లు గుంత పొంగణాల పెనం పొయ్యి మీద పెట్టి, గుంతకు అరచెంచా నూనె వేసి, సన్నసెగ మీద మూత పెట్టి తిప్పితిప్పి కాల్చుకోవచ్చు. అవెన్ ఉండ అంత సమంగా ఎర్రబడదు, రుచిలో పెద్ద తేడా లేదు. ఈ ఒక్క వంట కోసం అవెన్ మాత్రం కొనకండి.