వాడని కొప్పుపూలు, నీళ్లలో కలిసే శిల్పం

జి. రవీందర్ రెడ్డి పేరు చెప్పగానే గుర్తొచ్చేవి ఆడవాళ్ల తలలు. 1956లో సూర్యాపేటలో పుట్టి, బరోడాలో శిల్పం చదివి, విశాఖ ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన శిల్పి ఆయన. రెప్ప వాల్చని కళ్లు, ఎర్రటి పెదాలు, నున్నగా దువ్విన కొప్పు, దాని నిండా పూలు. పల్లె స్త్రీ అనీ, గ్రామదేవత అనీ ఆ తలల్ని మెచ్చుకున్నవాళ్లే ఎక్కువ.

వాటిని ముందు మట్టితో చేస్తారు. అచ్చు తీసి ఫైబర్‌గ్లాస్, పాలిస్టర్ రెజిన్ పొరలుగా వేస్తారు. ఆపైన కార్లకు వేసే రంగు, కొన్నిటికి బంగారు రేకు. మట్టి వాసన వేస్తోందని మనం మురిసిపోయే ఆ ముఖంలో చివరికి మట్టే మిగలదు. నాకు నచ్చేది ఇదే. స్త్రీ అంటే ప్రకృతి అని ఎంత కవిత్వం చదవలేదు మనం! ఆ ‘సహజత్వం’ ఎంత మెరుగు పెడితే తయారవుతుందో ఈ తలలు బయటపెడతాయి. కానీ తలలకు చేతులుండవు. పూలు కోసిందెవరు, కట్టిందెవరు అన్న ప్రశ్నకు అక్కడ చోటు లేదు.

చేతులు కనిపించేది మృణాళినీ ముఖర్జీ (1949-2015) పనిలో. ఆమెదీ బరోడా చదువే. జనపనార తాడుకు రంగులద్ది, ముడి మీద ముడి వేసి వనదేవతల్ని, యక్షిణుల్ని నిలబెట్టింది. ఇది శిల్పమా, చేతిపనా అని చాలాకాలం సందేహించారు. న్యూయార్క్‌లోని మెట్ బ్రాయర్ ఆమె పనినంతా ఒకచోట చూపించింది 2019లో, ఆమె పోయాక.

మా ఇబ్రహీంపట్నంలో ఆ సందేహం కూడా ఎవరికీ రాదు. తంగేడు, గునుగు, బంతిపూలు వరసలుగా పేర్చి, పైన పసుపు గౌరమ్మను నిలిపి, ఆడి పాడి నీళ్లలో వదిలే బతుకమ్మను పండగంటాం తప్ప శిల్పమనం. తంగేడు పూసే బీడు ప్లాట్లయితే బతుకమ్మ చిన్నదవుతుంది. కుతుబ్‌షాహీల కాలపు పెద్ద చెరువు ఎండితే సాగనంపడానికి నీళ్లుండవు. తను దేనిమీద ఆధారపడిందో దాచుకోని రూపమది. అలాగని ముచ్చటపడి ఊరుకోలేం. దళిత స్త్రీలు ఊరి బతుకమ్మకు ఎడంగా ఆడుకోవలసిన ఊళ్లు ఎన్ని లేవు!

2025 సెప్టెంబర్‌లో సరూర్‌నగర్ స్టేడియంలో 63 అడుగులు దాటిన బతుకమ్మ గిన్నిస్ రికార్డు కెక్కింది. అంత బతుకమ్మను ఏ స్త్రీ తలకెత్తుకుని చెరువుకు పోగలదు? ఎత్తు పెరిగేకొద్దీ పేర్చిన చేతులు కనిపించకుండా పోతాయి, రెజిన్ తలల్లో లాగే. మన కళా విమర్శ ఇకనైనా బతుకమ్మను శిల్పంగా చదవాలి. పూలు ఏ బీడు నుంచి వచ్చాయి, పేర్చడానికి ఎన్ని గంటలు పట్టింది, ఆ చుట్టులోకి ఎవరిని రానిచ్చారు అని అడుగుతూ చదవాలి.