పంటి పంటికీ సమాన వంతు

దుంగలు కోసే పెద్ద చక్రం రంపానికి పదును పెట్టడమంటే పళ్ళను సూదుల్లా చేయడమని చాలామంది అనుకుంటారు. మొన పదును కొంత వరకే. ప్రతి పన్నూ పక్కదానంత ఎత్తు, పక్కదానంత వెడల్పు ఉండేలా చూడటంలోనే అసలు నేర్పంతా ఉంది. నాలుగున్నర అడుగుల చక్రం నిమిషానికి 600 చుట్లు తిరిగితే పంటి మొన సెకనుకు సుమారు 43 మీటర్ల వేగంతో కలపను తాకుతుంది. ఒక్కో పన్ను తోడేది రెండు, రెండున్నర మిల్లీమీటర్లే. పళ్ళలో ఒకటి అర మిల్లీమీటరు పొట్టిదైతే, అది వదిలేసిన కలప కూడా వెనక వచ్చే పన్నే కోయాలి.

మొదట్లో ఈ పళ్ళను ఉక్కు రేకులోనే కోసేవారు. ఆకురాయి పెట్టిన ప్రతిసారీ చక్రం కొంచెం చిన్నదయ్యేది. అమెరికాలోని శాక్రమెంటోలో రంపాల పని చేసిన నేథన్ స్పాల్డింగ్, 1860ల తొలినాళ్లలో, పళ్ళను విడిగా చేసి వంపు గాళ్లలో బిగించే పద్ధతి తెచ్చాడు. ఆ వంపులోనే ఉంది కిటుకంతా. గాడికి మూల ఉంటే చక్రం అక్కడే పగులుతుంది, గుండ్రంగా ఉంటే ఒత్తిడి చుట్టూ సర్దుకుంటుంది. అమెరికాలో అడవి అంచున నడిచే చిన్న సామిళ్లలో ఇప్పటికీ ఇలాంటి చక్రాలు తిరుగుతున్నాయి.

పదును పెట్టేముందు ఇంజన్ ఆపి, బెల్టు తీసి, చక్రం కదలకుండా చెక్కముక్కతో బిగిస్తారు. ఆకురాయి పంటి ముందు ముఖం మీదే నడవాలి. పైభాగాన్ని రాస్తే మొన వెనక ఉండాల్సిన వాలు పోయి, పన్ను కోయడం మాని కలపను రుద్దుతుంది. ఆకురాయి ఒక పక్కకు ఒరిగినా కష్టమే. పంటి ఒక మూల ముందుకు పొడుచుకొస్తుంది, చక్రం అటే లాగుతుంది, పలక ఒక చివర మందంగా మరో చివర పలచగా వస్తుంది. అందుకే మొదటి పంటికి ఎన్ని రాపిళ్లు పెడితే చివరిదానికీ అన్నే. మేకు తగిలి ఒక పన్ను దెబ్బతింటే దాన్నొక్కదాన్నే ఎక్కువగా రాయాలనిపిస్తుంది. రాస్తే అది పొట్టిదవుతుంది. దాన్ని మార్చేయడమే మేలు.

మొన వెనక్కి పోయేకొద్దీ పన్ను సన్నబడుతుంది కనుక, రాస్తూ పోతే కోత ఇరుకై చక్రం ఒరుసుకుంటుంది. అప్పుడు స్వేజ్ అనే ఉక్కు పనిముట్టును మొనకు ఆనించి సుత్తితో కొడతారు. మొన రెండు పక్కలా సమానంగా విచ్చుకుంటుంది.

పని ఎలా కుదిరిందో పొట్టు చెబుతుంది. పదునైన పన్ను తునకలుగా విసురుతుంది. మొద్దుబారినది మెత్తటి పొడి చేస్తుంది. ఆ పొడి చక్రం పక్కలకు చేరి అంచును వేడెక్కిస్తుంది, వేడెక్కిన అంచు సాగి చక్రం ఊగుతుంది. అప్పుడు చక్రాన్ని సుత్తి దెబ్బలతో మళ్లీ బిగువుకు తేవాలి. అది వేరే విద్య, అందరికీ రాదు.

ఈ రంపానికి ఒక లోపం ఉంది. కోత వెడల్పు దాదాపు 7 మిల్లీమీటర్లు, అంటే నాలుగు కోతలకు ఒక అంగుళం పలకంత కలప పొట్టుగా పోతుంది. మన ఊళ్ల సామిళ్లలో పట్టీలా తిరిగే, సన్నగా కోసే బ్యాండ్ సాలు ఎక్కువగా కనిపించడానికి ఈ ఆదా ఒక కారణం. అయితే బ్యాండ్ సాను పదును పెట్టాలంటే సాధారణంగా దాన్ని విప్పి సానయంత్రం దగ్గరికి తీసుకెళ్లాలి. చక్రం రంపాన్ని మాత్రం ఉన్నచోటే, మధ్యాహ్నం భోజనం వేళలో, ఒక మనిషి ఒక ఆకురాయితో మళ్లీ పనికి సిద్ధం చేయగలడు.