మాటకు తోడు వాక్యం

ఎమ్మెస్‌కు అమెరికా వెళ్లాలనుకున్న పిల్లలు జీఆర్ఈ అనగానే ముందు అడిగేది వర్డ్‌లిస్టు. బారన్స్ పుస్తకంలోని మూడున్నర వేల మాటల పట్టికను అమీర్‌పేట హాస్టల్ గదుల్లో ‘ఎ’ దగ్గర మొదలుపెట్టి బట్టీ పట్టినవాళ్లు ఎందరో. చాలామంది ‘సి’ దాటరు. అందుకే అబేట్, అబెరెంట్ నిద్రలో లేపి అడిగినా చెబుతారు, చివరి అక్షరాల మాటలు మాత్రం ముఖం కూడా చూసి ఉండరు.

2011 ఆగస్టు దాకా ఈ బట్టీకి కొంత ప్రయోజనం ఉండేది. అప్పటి పరీక్షలో యాంటనిమ్స్, అనాలజీలు ఉండేవి. మాట ఒంటరిగా వచ్చేది, అర్థం గుర్తుంటే చాలావరకు గట్టెక్కేవాళ్లు. ఆ రెండూ తీసేశారు. ఇప్పుడు మాట వాక్యంలోనే ఎదురవుతుంది. టెక్స్ట్ కంప్లీషన్‌లో మూడు ఖాళీలిస్తే మూడూ సరిగ్గా నింపాల్సిందే, రెండు కుదిరినా మార్కు రాదు. సెంటెన్స్ ఈక్వివలెన్స్‌లో ఇచ్చిన ఆరింటిలో, వాక్యానికి ఒకే అర్థాన్నిచ్చే రెండు మాటలు ఏరాలి. 2023 సెప్టెంబరులో పరీక్షను రెండు గంటల లోపుకు కుదించినా ఈ పద్ధతి అలాగే ఉంది. మన చదువు మాత్రం ఇంకా పాత పట్టిక దగ్గరే ఆగింది. వెర్బల్ చెప్పేదాన్ని కాబట్టి, కష్టపడే పిల్లలు ఇలా నష్టపోతుంటే నాకు బాధేస్తుంది.

ఫ్రూగల్, పార్సిమోనియస్ రెండింటికీ ఫ్లాష్‌కార్డు వెనక ‘తక్కువ ఖర్చు పెట్టే’ అని రాసుకుంటారు. తెలుగులో అయితే ఆ పొరపాటు ఎవరూ చెయ్యరు. మేనమామను పొదుపరి అనడానికీ పిసినారి అనడానికీ ఉన్న తేడా చిన్నపిల్లలకు కూడా తెలుసు, ఎందుకంటే ఆ రెండు మాటలూ ఎవరు, ఎవరిని, ఏ గొంతుతో అన్నారో విని పెరిగారు. ఇంగ్లిషు మాటకు కూడా ఆ వినికిడి కావాలి. దాన్ని కార్డు ఇవ్వలేదు, చదివిన పేజీలు ఇస్తాయి.

అసలు ఇబ్బంది పెట్టేవి తెలుసనుకున్న మాటలే. క్వాలిఫై అంటే అర్హత సాధించడం ఒక్కటే అనుకున్నవాళ్లు, ‘క్వాలిఫైడ్ ప్రెయిజ్’ కనిపిస్తే గొప్ప మెచ్చుకోలు అనుకుంటారు. అది ఆచితూచి, షరతులు పెట్టి మెచ్చుకోవడం. రోడ్డు దాటే పెడెస్ట్రియన్ నవలకు విశేషణమైతే ఆ నవలలో చవీసారం లేదని. ఇలాంటివి ఏ పట్టికలోనూ వెతకాలనిపించదు.

మన పిల్లలకు ఒక మంచి ఆధారం ఉంది, దాన్ని ఎవరూ వాడుకోరు. ఇంటర్‌లో మార్కుల కోసమే అయినా సంస్కృతం తీసుకున్నవాళ్లకు ఉపసర్గలు తెలుసు. ఆహారం, విహారం, సంహారం, పరిహారం అన్నీ ఒకే ధాతువు నుంచి వచ్చాయని తెలిసినవాళ్లకు, చూడటం అనే లాటిన్ మూలం నుంచి రిట్రాస్పెక్ట్, సర్కమ్‌స్పెక్ట్ ఎలా వచ్చాయో ఒక్కసారి చెబితే చాలు. అయితే ధాతువు చూసి విహారానికీ సంహారానికీ అర్థం ఊహించలేం కదా. ఇంగ్లిషులోనూ అంతే. నేర్చుకున్న మాటను నిలబెట్టుకోవడానికి మూలం పనికొస్తుంది, కొత్త మాటను ఊహించడానికి దాన్నే నమ్ముకోకూడదు.

మరుపు గురించి మనస్తత్వవేత్త ఎబింగ్‌హాస్ 1885లోనే రాశాడు. నేర్చుకున్నది మొదట వేగంగా జారిపోతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. కాబట్టి ఒక్కరోజు వంద మాటలు చదివే బదులు, కొద్ది మాటల్ని మర్నాడు, ఆ తర్వాత మూడోనాడు, వారం పోయాక మళ్లీ పలకరించాలి. కార్డు మీద అర్థంతోపాటు ఆ మాట దొరికిన వాక్యం కూడా ఉండాలి.

“మేడమ్, పరీక్ష నెలే ఉంది, పేపర్లు చదువుతూ కూర్చుంటే ఎలా?” అంటారు. నెలే ఉన్నా రోజుకో సంపాదకీయమో సైన్సు వ్యాసమో చదవమంటాను. ప్రాక్టీసులో ఖాళీ కనిపించగానే ఆప్షన్ల మీద చెయ్యి అడ్డం పెట్టి, వాక్యం ఏం కోరుతోందో సొంత మాటతో నింపమంటాను. ఆ మాట తెలుగులో వచ్చినా పర్వాలేదు. తర్వాత చెయ్యి తీసి, దానికి దగ్గరగా ఉన్నది ఏరుకోవాలి.