పొదుపుగా గీసి నిండుగా చూపిన రామ్ మోహన్

భారతీయ యానిమేషన్‌కు పెద్దదిక్కుగా నిలిచిన రామ్ మోహన్ 1931లో పుట్టారు. చదివింది మద్రాసు విశ్వవిద్యాలయంలో రసాయన శాస్త్రం. చేతిలో ఆ పట్టా ఉన్నా మనసు మాత్రం బొమ్మల మీదే. 1956లో బొంబాయిలోని ఫిల్మ్స్ డివిజన్ కార్టూన్ ఫిల్మ్ యూనిట్‌లో చేరారు. ఆ తర్వాత చనిపోయేదాకా ఆయనకు మరో వృత్తి లేదు.

ఆ యూనిట్‌లో కుర్రాళ్లకు పని నేర్పడానికి అమెరికా సాంకేతిక సహకార పథకం కింద క్లెయిర్ వీక్స్ వచ్చారు. డిస్నీ స్టూడియోలో ‘బాంబీ’, ‘పీటర్ పాన్’ వంటి చిత్రాలకు బొమ్మలు గీసినవారాయన. మిషనరీ దంపతుల బిడ్డగా భారతదేశంలోనే పుట్టారు కూడా. జాతక కథ ఆధారంగా 1957లో వచ్చిన ‘ద బన్యన్ డీర్’ ఆ శిక్షణకు తొలి ఫలం. అందులోని లేళ్లకు డిస్నీ పోలిక ఉందని ముక్కు విరిచేవాళ్లున్నారు. గురువు దస్తూరీ దిద్దకుండా ఎవరికీ సొంత దస్తూరీ రాదని వాళ్లు గుర్తుంచుకోవాలి.

వీక్స్ నేర్పిన పద్ధతి చూడటానికి తేలిక, చేయడానికి నరకం. సినిమాలో సెకనుకు 24 ఫ్రేములు కదులుతాయి. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములకు వాడినా సెకనుకు 12 బొమ్మలు, నిమిషానికి 720 బొమ్మలు కావాలి. కదలికలోని కీలకమైన భంగిమలను సీనియర్ యానిమేటర్ గీస్తాడు. వాటిని ‘కీ డ్రాయింగ్స్’ అంటారు. వాటి నడుమ బొమ్మలను ‘ఇన్‌బిట్వీనర్’ నింపుతాడు. పెన్సిల్ గీతలను ముందుగా ఫిల్ముకెక్కించి కదలిక సరిపోయిందో లేదో చూస్తారు. సరిపోతే ‘సెల్’ అనే పారదర్శకమైన రేకు మీదికి ఆ గీతలను ఇంకుతో ఎక్కించి, వెనకవైపు రంగు వేస్తారు. విడిగా చిత్రించిన నేపథ్యం మీద ఆ సెల్ పరిచి, పైనుంచి కిందికి చూసే రోస్ట్రమ్ కెమెరాతో ఒక్కో ఫ్రేమూ తీస్తారు. ఏ ఫ్రేములో ఏ బొమ్మ రావాలో, ఏ మాటకు పెదవులు ఎలా ఉండాలో ముందే ఎక్స్‌పోజర్ షీట్‌లో రాసి పెట్టుకుంటారు.

ఇదంతా ఎవరైనా నేర్చుకోగల పని. అసలు విద్య బొమ్మకు బరువు తేవడంలో ఉంది. ఎగరబోయే మనిషి ముందు మోకాళ్లు వంచి కిందికి కుంగాలి. కుంగకుండా ఎగిరితే అది మనిషి కాదు, గాలికి లేచిన కాగితం. బొమ్మల మధ్య ఎడం తగ్గితే కదలిక నెమ్మదిస్తుంది, పెరిగితే వేగం వస్తుంది. ఏనుగు అడుగైనా పిల్లి అడుగైనా ఈ ఎడంలోనే పుడతాయి. రామ్ మోహన్ చెయ్యి తిరిగింది ఇక్కడే. ప్రభుత్వ యూనిట్‌కు హాలీవుడ్ డబ్బు లేదు. అందుకే ఒళ్లంతా కదపకుండా ఒక్క కనుబొమ్మతో, ఒక్క మెడ విరుపుతో పాత్ర స్వభావాన్ని పట్టించే పొదుపైన శైలిని ఆయన సాధించారు. ‘హోమో సాప్స్’ లఘుచిత్రంలో వంద బొమ్మలు వేయాల్సిన చోట పది వేసి నవ్వించడం ఆ పొదుపు చలవే.

1968లో ఫిల్మ్స్ డివిజన్ వదిలి ప్రసాద్ ప్రొడక్షన్స్ యానిమేషన్ విభాగానికి అధిపతి అయ్యారు. ఏలూరు దగ్గరి సోమవరప్పాడు నుంచి వెళ్లి సినీ సామ్రాజ్యం కట్టిన ఎల్.వి. ప్రసాద్ సంస్థ అది. కార్టూన్లంటే వార్తాచిత్రాల మధ్య వచ్చే కాలక్షేపమని అందరూ అనుకునే రోజుల్లో ఒక తెలుగువాడి సంస్థ వాటికి విడిగా ఒక విభాగం నడిపిందన్న సంగతి మన సినిమా చరిత్రల్లో ఎక్కడో అడుగున పడి ఉంటుంది.

1972లో సొంతంగా ‘రామ్ మోహన్ బయోగ్రాఫిక్స్’ స్థాపించి నిర్మాత అయ్యారు. కడుపు నింపింది వ్యాపార ప్రకటనలు, పేరు తెచ్చినవి లఘుచిత్రాలు. ‘యు సెడ్ ఇట్’ (1972), ‘ఫైర్ గేమ్స్’ (1983) చిత్రాలకు జాతీయ అవార్డులు వచ్చాయి. పెద్ద దర్శకులు బొమ్మలు కావాలంటే ఆయన తలుపే తట్టేవారు. మృణాల్ సేన్ ‘భువన్ షోమ్’లోనూ, సత్యజిత్ రాయ్ ‘శత్రంజ్ కే ఖిలాడీ’లోనూ యానిమేషన్ ఆయనదే. కంపెనీ పాలకులు సంస్థానాలను ఒక్కొక్కటిగా మింగిన చరిత్రను ‘శత్రంజ్’లో ఆ బొమ్మలు ఎంత వెటకారంగా చెప్తాయో చూడాలి. స్వయంగా చిత్రకారుడైన రాయ్ ఆ పనిని మరొకరి చేతికి అప్పగించడం అవార్డుకు తక్కువేమీ కాదు.

1990ల్లో యునిసెఫ్ కోసం రూపుదిద్దిన ‘మీనా’ కార్టూన్ చిత్రాల వరుస ఆయన పనుల్లో అన్నిటికన్నా ఎక్కువ ఇళ్లకు చేరింది. దక్షిణాసియాలో ఏ దేశపు పిల్లయినా తనలాంటిదే అనుకునేలా ఆ అమ్మాయి ముఖమూ దుస్తులూ ఉండాలి. ఇది రాజకీయంగానూ గీతపరంగానూ కత్తిమీద సాము. ఇంట్లోవాళ్లు బడికి పంపని మీనా తన చిలుక మిఠూను బడికి పంపి, అది తెచ్చిన పాఠంతో లెక్కలు నేర్చుకుని, కోళ్లు లెక్కపెట్టి దొంగతనం పసిగడుతుంది. మామిడిపండులో తమ్ముడు రాజుకు పెద్ద ముక్క, తనకు చిన్న ముక్క ఎందుకని అడుగుతుంది. ఉపన్యాసం లేదు, కన్నీళ్లు లేవు. ఆడపిల్ల చదువు గురించి వంద ప్రసంగాలు చేయలేని పని ఆ చిలుక చేసింది.

అదే కాలంలో జపాన్ నిర్మాత యుగో సాకో తలపెట్టిన ‘రామాయణ: ద లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ’కు కోయిచి ససాకీతో పాటు రామ్ మోహన్ దర్శకత్వ బాధ్యతలు పంచుకున్నారు. విదేశీయుడు రామాయణం తీయడమేమిటని మొదట అభ్యంతరాలు లేచాయి. ప్రభుత్వం చేయి కలపలేదు. దాదాపు 450 మంది కళాకారులు జపాన్‌లో గీసిన ఆ చిత్రం 1992లో పూర్తయింది. పంచె కట్టు, నమస్కారం, మన మనుషుల నడక తీరు పరాయి చేతులకు అలవాటు లేనివి. వాటిని సరిదిద్దినవారు భారతీయ యానిమేటర్లు. వనరాజ్ భాటియా సంగీతం, హిందీ డబ్బింగ్‌లో అరుణ్ గోవిల్, అమ్రీష్ పురీ గొంతులు అదనపు బలం. ఇంత చేసినా మన థియేటర్లు ఆనాడు దాన్ని పట్టించుకోలేదు. పిల్లలు టీవీలో చూసి బతికించుకున్నారు.

1990ల చివర ఆయన సంస్థ యూటీవీ వారి యునైటెడ్ స్టూడియోస్‌తో కలిసి ‘ఆర్ఎం-యూఎస్ఎల్’గా ఏర్పడింది. తర్వాత గ్రాఫిటీ మల్టీమీడియాకు పెద్దగా నిలిచారు. కంప్యూటర్‌ను ఆయన శత్రువుగా చూడలేదు. శత్రువులైంది దాన్ని అడ్డదారిగా వాడుకున్నవాళ్లు. చెయ్యి, తల, కాలు విడివిడి ముక్కలుగా అతికించి, కీళ్ల దగ్గర తిప్పి ‘యానిమేషన్’ అని టీవీకి అమ్ముతున్నారు. పాదం నేలమీద ఆనదు, జారుతుంది. ఏడుపుకూ నవ్వుకూ ఒకటే నోరు. రామ్ మోహన్ పొదుపును చూపించి తమ చవకతనాన్ని సమర్థించుకునేవాళ్లున్నారు. ఆయన తగ్గించింది బొమ్మల సంఖ్యను, వీళ్లు తగ్గించింది ఆలోచనను. హైదరాబాద్ స్టూడియోల్లో నైపుణ్యానికి కొదవ లేదు. ఏళ్ల తరబడి ఆ చేతులు పరాయి దేశాల సీరియళ్లకే కూలికి పనిచేశాయి. కోర్సు పూర్తి చేసిన కుర్రాడికి సాఫ్ట్‌వేర్ మెనూలన్నీ తెలుసు. నడిచే మనిషిని చూసి నాలుగు గీతల్లో గీయమంటే చెయ్యి ఆడదు. ఆ లోటు తీర్చాలనే 2006లో గ్రాఫిటీ స్కూల్ ఆఫ్ యానిమేషన్ ప్రారంభమైంది.

2014లో పద్మశ్రీ ఇచ్చారు, ముప్పై ఏళ్లు ఆలస్యంగా. 2019 అక్టోబర్ 11న రామ్ మోహన్ ముంబైలో కన్నుమూశారు. ఆయన పోయిన ఆరో ఏట, 2025 జనవరి 24న, 4కేలో మెరుగుపరచిన ఆ రామాయణం తెలుగు డబ్బింగ్‌తో కూడా థియేటర్లకొచ్చింది. జపాన్ యానిమే అన్న ప్రచారపు హోరులో ఆయన పేరు చాలామంది చెవిన పడనేలేదు. తొలినాటి లఘుచిత్రాలకైతే ఆపాటి అదృష్టం కూడా పట్టలేదు. 2022లో ఫిల్మ్స్ డివిజన్ జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ (ఎన్ఎఫ్‌డీసీ)లో విలీనమైంది కాబట్టి, వాటిని శుభ్రపరచి, తెలుగుతో సహా మన భాషల మాటలు చేర్చి, బడులకూ యానిమేషన్ కళాశాలలకూ అందించే బాధ్యత ఇప్పుడు ఆ సంస్థదే.