పురిటి గది దాటని మన కథ

బిడ్డ కేరుమనగానే మన కథకుడు కలం మూసేస్తాడు. తల్లి నవ్వుతుంది, కథ కంచికి వెళ్తుంది. ఆ తర్వాతి నెలల మాటేమిటి?

కొండేపూడి నిర్మల ‘లేబర్ రూం’ కవిత, 1993 నాటి ‘నీలిమేఘాలు’ సంకలనం స్త్రీ శరీరానుభవాన్ని సాహిత్య వస్తువుగా నిలబెట్టాయి. ఇదీ ఒక కవిత్వమేనా అని ముక్కు చిట్లించిన పెద్దలు అభ్యుదయ శిబిరంలోనూ ఉన్నారు. ఆ తగాదా పాతబడింది. కానీ నొప్పులు తగ్గాక మొదలయ్యే దిగులు మన కథల్లోకి రావలసినంతగా రాలేదు. వచ్చినచోట కూడా ఆ బాలింత గాలి సోకిన పిచ్చిదో, గయ్యాళి అత్త చేతిలో అబలో అవుతుంది.

గోవాలో విక్రమ్ పటేల్, ఆయన సహచరులు బాలింతలను పరిశీలించి 2002లో అచ్చువేసిన అధ్యయనాన్ని రచయితలు చదవాలి. కాన్పయిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు 23 శాతం మందిలో కుంగుబాటు కనిపించింది. పేదరికం, భర్తతో పొసగకపోవడం ముఖ్య కారణాలు. పుట్టింది ఆడపిల్లయితే వాటి దెబ్బ మరింత గట్టిగా తగిలింది. ఆ కుంగినవారిలో అత్యధికులు కడుపుతో ఉన్నప్పుడే మనోవేదన పడుతున్నారు. అంటే కాన్పుతో మొదలుపెట్టిన కథ ఆలస్యంగా మొదలైనట్టే. సీమంతం నాటి పేరంటంలోనే దాని బీజం వెతకాలి.

అలాగని సమస్తాన్నీ కూలి రేటుతో కొలిస్తే అది యాంత్రికత. లోగడ కుంగుబాటు వచ్చినవాళ్ళకు కాన్పు తర్వాత అది తిరగబెట్టే అవకాశం హెచ్చు. ఆస్తిపాస్తులు దాన్ని ఆపలేవు.

మా జహీరాబాద్‌లో, నా ఏడో తరగతి పిల్ల ఒకతె వారం రోజులు బడికి రాలేదు. ఎందుకని అడిగితే, “అమ్మ తమ్మున్ని ఎత్తుకుంటలేదు సార్. గోడ దిక్కు మల్లి పంటున్నది. నేనే చూస్కుంటున్న” అంది. తల్లి మీద ఫిర్యాదు లేదు, జాలి కూడా లేదు, ఉన్నదున్నట్టు చెప్పింది. మన రచయితలకు ఇక్కడే చేతులు వణుకుతాయి. బిడ్డను ఎత్తుకోని తల్లిని రాయగానే ఆమెకు శిక్ష వేయాలి, లేదా ఆఖరి పేరాలో ఆ బిడ్డను ఆమె గుండెలకు హత్తించి తీరాలి. మాతృత్వం సహజగుణమనే భావజాలాన్ని వేదికల మీద ఖండించేవాళ్ళం, కథలో దానికే దండం పెడుతున్నాం.

ఇంతకూ ఆ బిడ్డ తండ్రి ఏడీ? తండ్రుల్లోనూ దాదాపు పదిమందిలో ఒకరికి ఈ కుంగుబాటు ఉంటుందని, పలు దేశాల అధ్యయనాలను క్రోడీకరించి 2010లో వచ్చిన ఒక పరిశీలన తేల్చింది. మన కథలో అతను ఆస్పత్రి వరండాలో పచార్లు చేస్తాడు, మిఠాయి పంచుతాడు, మాయమవుతాడు. కాన్పుకు చేసిన అప్పు మాత్రం అతని పేరనే ఉంటుంది.