విరాటుని కొలువులో సైరంధ్రి

వానలు కురియనప్పుడు విరాటపర్వము చదివించుట తెలుగు పల్లెల ఆచారము. మా రామతీర్థపు ప్రాంతమున ఆ పర్వమునకు మఱింత చనువు గలదు. వనవాసకాలమున ధర్మరాజు శ్రీకృష్ణునివలన సీతారామలక్ష్మణుల విగ్రహములను బడసి యిచ్చట పూజించెనని స్థలపురాణము చెప్పుచుండుటచే పాండవులు మావారికి చుట్టములవంటివారు. ఆ పర్వములో పండితుడును పామరుడును సమానముగా నెఱిగిన ఘట్టము కీచకవధ. తిక్కన సోమయాజి భారతరచనకు బూనుకొని మొట్టమొదట చేపట్టినది విరాటపర్వమే. నాటకములవారును హరికథకులును ఈ కథను విడువలేదు. 1963లో ‘నర్తనశాల’ చలనచిత్రము వచ్చిన పిమ్మట చదువురానివారికి గూడ కీచకుడనగా ఎస్.వి. రంగారావుగారి రూపమే కన్నులకు గట్టుచున్నది.

ఇటీవల నొకనాడు తొమ్మిదవ తరగతి పిల్లలకు మేమీ కథ చెప్పుచుంటిమి. వలలుడు నర్తనశాల చీకటిలో కీచకుని నలిపి ముద్దచేసిన చోటికి వచ్చునప్పటికి మగపిల్లలు చప్పట్లు చరచిరి. అంతలో వెనుక వరుసనుండి ఒక బాలిక లేచి, “మాస్టారూ, ఆవిణ్ణి కీచకుడి యింటికి పంపింది రాణీగారే కదండీ! మఱి రాణీగారిని ఎవరూ ఏమీ అనలేదేమండీ?” అని యడిగెను. గంట కొట్టిరి. రేపు చెప్పెదమంటిమి. ఆ రేపు వచ్చి పోయినది గాని మా కుత్తరము దొరకలేదు. ఇరువదియేండ్లుగా పాఠము చెప్పుచు, సంస్కృతమూలమును తెలుగు భారతమును ప్రక్కప్రక్కల బెట్టుకొని చదివియు, ఈ ప్రశ్నను మేమెన్నడును వేసికొనలేదు. ఎందుచేత వేసికొనలేదో విచారించుటయే యీ వ్యాసమున మా యుద్దేశము.

మొదటి దోషము మా చదువులోనే యున్నది. అలంకారశాస్త్రము చదివినవారమగుటచే కీచకుని మోహమును ‘శృంగారాభాసము’ అని పేర్కొని ముందునకు సాగుదుము. పరస్త్రీయందు, అందులోను అనురాగము లేని స్త్రీయందు, పుట్టిన రతి రసము గాదు, రసాభాసమని సూత్రము. సూత్రము సరియైనదే. కాని దానివలన కలిగిన ఫలమేమి? ఒక స్త్రీకి జరిగిన యన్యాయము రసమునకు గలిగిన లోపముగా మాఱినది. కీచకుని విరహమునకు అందము వెదకితిమి. భీముని క్రోధమునకు రౌద్రమని పేరిడితిమి. సైరంధ్రి భయమునకు మాత్రము మా పుస్తకములలో తావు చిక్కలేదు. పురుషుని మనస్సునుండి పురుషుని భుజబలమునకు కథను నడిపించి, నడుమ నున్న యామెను దాటిపోతిమి.

ఇప్పుడు కథను ఆమె వైపునుండి చదివి చూతము. సైరంధ్రి కొలువులో చేరునపుడే ఎంగిలి ముట్టననియు, పాదములు కడుగననియు నియమములు చెప్పినది. రాణి సుధేష్ణ సమ్మతించినది. అనగా ఆమె యొక మాటను నమ్మి ఆ యింట కాలుపెట్టినది. పదినెలలు గడచినవి. రాణి తమ్ముడును సేనాపతియు నగు కీచకుడు తన కోరికను తెలుపగా ఆమె స్పష్టముగా నిరాకరించినది. అతడు అక్క నాశ్రయించెను. అక్క మద్యము తెమ్మను నెపముతో ఆమెను వాని యింటికి పంపినది. పోనని, పోయిన నవమానము కలుగునని, వేఱొక దాసిని పంపుమని ఆమె వేడుకొన్నది. రాణి బంగారుపాత్ర చేతికిచ్చి పొమ్మన్నది. మా విద్యార్థిని పట్టుకొన్నది ఈ స్థలమునే.

తరువాతి దృశ్యము రాజసభ. వానిని త్రోసివేసి ఆమె పరుగెత్తివచ్చినది సభకే. న్యాయము దొరకు చోటు అదియని యామెకు నమ్మకము. కీచకుడు వెంటబడి రాజుచూచుచుండగనే జుట్టుపట్టి కాలితో తన్నెను. ఆమె విరాటుని పేరుపెట్టి నిలదీసినది. నీయెదుట జరిగినదానికి నీవు దండన విధింపకున్న రాజధర్మ మెక్కడిదని యడిగినది. వ్యాసభారతములో రాజు చెప్పిన సమాధానము విచిత్రమైనది. మీ యిద్దరి తగవు నా కన్నులయెదుట పుట్టినది కాదు, నిజము తెలియక నేనేమి చెప్పగలనని యతడనును. తన్ను తన యెదుటనే పడినది. రాజునకు మాత్రము పూర్వాపరములు కావలసెను! సభ్యులు కీచకుని నిందించిరి, నిజమే. కాని ఆమె చక్కదనమును గూడ కొనియాడిరి, ఇట్టి భార్య కలవాడు ధన్యుడనిరి. నెత్తురోడుచు నిలిచిన స్త్రీకి ఆ సభ ఇచ్చిన తీర్పు అదియే. కంకుభట్టు వేషమున నున్న ధర్మరాజు, కాలము తెలియక నటివలె ఏడ్చుచు జూదమున కడ్డు రావలదని మందలించెను. ఆ మాటనే పట్టుకొని తిక్కన ద్రౌపది, తన భర్తయే నటుడు గనుక తనకిది తగునని దెప్పిపొడిచినది. అతని యజ్ఞాతవాస మతనికి నోరు కట్టినదని వ్యాఖ్యాతలు సమర్థింతురు. కావచ్చును. కాని తన్నులు తిన్నది తానై, సమయము చూచుకొని ఏడువవలసినదియు తానేయైనది.

మఱునాడు కీచకుడు ఆమెయొద్దకు వచ్చి యేమనెనో మఱవరాదు. సభలో తన్నితిని, నిన్ను రక్షించినవాడెవడు? పేరునకు మాత్రమే యతడు రాజు. సేనాపతినగు నేనే యీ మత్స్యదేశమునకు రాజునని యతడు పలికెను. సభ ఊరకుండుట వానికి అనుజ్ఞాపత్రమైనది. వలలుని యొద్దకు ఆమె అర్ధరాత్రమున వంటశాలకు బోవుట అంతకు ముందటి రాత్రియే. నర్తనశాల సభ చేయని పనిని చీకటిలో చేసినది.

మనవారు కథ ఇచ్చట ముగింతురు. భారతము ముగింపదు. ఉపకీచకులు ఆమెను కీచకుని శవముతోగూడ దహింపదలచినపుడు రాజు వారి బలమునకు వెఱచి సమ్మతించెను. భీముడు వారినిగూడ చంపిన పిమ్మట, రాజాజ్ఞ చొప్పున సుధేష్ణ ఆమెతో, నీవు నీయిష్టము వచ్చిన చోటికి వెడలిపొమ్మని చెప్పినది. ఇంక పదుమూడు దినములు ఓర్వుడని సైరంధ్రి వేడుకొనవలసివచ్చెను. తప్పు చేసినవాడు చచ్చెను. తప్పు చేయనిది ఊరు విడువవలసినదయ్యెను. భీముని గెలుపు ఆమె కొలువును నిలుపలేకపోయినది.

నేడు తెలుగు పత్రికలలో విద్యార్థినిని వేధించిన గురువునకు ‘కీచకుడు’ అని పేరు. ఆ పేరు తగినదే. అయితే పత్రికలో సుధేష్ణ యెవరో, విరాటుడెవరో ఎన్నడును వ్రాయరు. వాడొక రాక్షసుడు, వానిని దండించితిమి, పీడ విరగడయైనదని తలంతుము. పదినెలలుగా వానికి ద్వారములు తెఱచినవా రెవరను విచారణ రాదు. ఆంగ్లసాహిత్యములో షేక్స్పియరు ‘మెజర్ ఫర్ మెజర్’ నాటకమున ఏంజెలో అను అధికారి, అన్న ప్రాణము కొఱకు వేడవచ్చిన ఇసబెల్లాను చెఱుపజూచి, లోకమునకు చాటెదనని యామె బెదరింపగా, తన మంచిపేరును పదవియు నుండగా ఆమె మాట నమ్మువారెవరని యడుగును. కీచకుడును ఏంజెలోయు మాటాడునది యొకే భాష. ఇరువురి ధైర్యమును వారి దేహబలమునుండి గాక ఎదుటి సభయొక్క పిరికితనమునుండి పుట్టినదే.

మన దేశమున ఈ నర్తనశాలన్యాయ మెటువంటి ఫలముల నిచ్చెనో చూడుడు. 2007 డిసెంబరులో విజయవాడ చెంత ఇబ్రహీంపట్నమున ఒక వసతిగృహములో ఫార్మసీ చదువుచున్న విద్యార్థిని యత్యాచారమునకు గుఱియై హతురాలయ్యెను. ప్రజలాగ్రహించిరి. ఒక పేదయువకుని బట్టుకొనిరి, 2010లో శిక్షపడెను, 2017లో హైకోర్టు అతడు నిర్దోషియని విడిచిపెట్టెను. నడుమ ఎనిమిదేండ్లకు పైగా అతడు చెఱసాలలో నుండెను. 2019 నవంబరులో శంషాబాదు చెంత ఒక పశువైద్యురాలు హతురాలు కాగా, డిసెంబరు 6వ తేదీ తెల్లవాఱుజామున నిందితులు నలుగురును పోలీసు కాల్పులలో మరణించిరి. జనులు పోలీసులపై పూలు చల్లిరి. సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్కరు సంఘము, చంపవలెనను తలంపుతోనే కాల్పులు జరిగినవని నిర్ణయించినట్లు 2022లో వెల్లడియయ్యెను. మా తరగతిలోని చప్పట్లకును ఆ పూలకును భేద మెంతయో పాఠకులే చెప్పవలెను. భీముడు చీకటిలో పట్టినది తప్పుడు మనిషిని గాదు, అది కవిత్వముయొక్క భాగ్యము. మనకట్టి భాగ్యము లేదు. నిందితునిగూడ విని, సాక్ష్యము తూచి, వెలుతురులో చెప్పు తీర్పు ఆడుబిడ్డలకెంత యవసరమో నిరపరాధులకు నంతే యవసరము.

సభను బాగుచేయు ప్రయత్నము జరుగలేదని మేమనము. 1997లో విశాఖ కేసున సుప్రీంకోర్టు పని చేయుచోట్ల ఫిర్యాదుల సమితులుండవలెనని శాసించెను. 2013లో చట్టము వచ్చెను. ఉన్నతవిద్యాసంస్థలకు విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2015 నాటి నిబంధనల జేసెను. వానిని మేము విరాటపర్వము ప్రక్కన బెట్టుకొని చదివితిమి. సమితికి అధ్యక్షురాలు స్త్రీ కావలెను. సభ్యులలో సగమునకు తక్కువగాక స్త్రీలుండవలెను. విద్యార్థుల విషయమైనపుడు ఎన్నికైన విద్యార్థిప్రతినిధులు కూర్చుండవలెను. వెలుపలి వ్యక్తి యొకరుండవలెను. ఉపాధ్యక్షుడు, రిజిస్ట్రారు, డీను, శాఖాధిపతి మొదలగు నధికారులు అందు సభ్యులు కారాదు. అనగా విరాటుడు తన బావమఱది తగవునకు తానే తీర్పరి కారాదు! ఫిర్యాదు మూడు నెలలలోపల నీయవలెను, తగిన కారణమున్న మఱి మూడు నెలలు గడువు గలదు. విచారణ తొంబది దినములలో ముగియవలెను. విచారణ జరుగునంతకాలము నిందితుడగు అధ్యాపకుడు ఆమె పరీక్షాపత్రములు దిద్దకుండ నాపవచ్చును. ఆమెకు హక్కులు చెడకుండ మూడు నెలలవఱకు సెలవీయవచ్చును. పోలీసులయొద్దకు బోదలచిన, సంస్థయే సహాయపడవలెను. అత్యాచారబాధితురాలికి ప్రభుత్వపు ఆసుపత్రియైనను ప్రైవేటు ఆసుపత్రియైనను వెంటనే ఉచితముగా చికిత్స చేయవలెనని చట్టము. ఊరు విడిచిపొమ్మను మాట వీనిలో నెక్కడను లేదు.

కాని కాగితముపై సభ వేఱు, కూర్చున్న సభ వేఱు. 2023 అక్టోబరులో హైదరాబాదులోని ఇంగ్లీషు, విదేశీభాషల విశ్వవిద్యాలయములో విద్యార్థులు అట్టి సమితిని పునర్నిర్మింపుమని కోరుచుండగనే, ఆవరణలో రాత్రివేళ ఒక విద్యార్థినిపై దాడి జరిగినదని ఫిర్యాదు వచ్చెను. నిరసన తెలిపిన విద్యార్థులలో కొందఱిపై పోలీసు కేసు నమోదయ్యెను. జూదమున కడ్డు రావలదన్న కంకుభట్టు మాట మాకప్పుడు జ్ఞప్తికి వచ్చినది.

ఇతరులను విమర్శించితిమి గనుక మా తప్పునుగూడ చెప్పుట న్యాయము. కొన్నియేండ్ల క్రిందట మా పాఠశాలలో చదివి, పట్టణములో డిగ్రీ చదువునకు బోయిన బాలిక యొకతె సంక్రాంతి సెలవులకు వచ్చి తండ్రితోగూడ మా యింటికి వచ్చినది. ప్రయోగశాలలో మార్కులు వేయు అధ్యాపకుని నడవడి యెట్టిదో తలవంచుకొని చెప్పినది. మేము, “ఇంక మూడు నెలలే కదమ్మా, ఓర్చుకో. నలుగురి నోటా పడితే నీ పేరే చెడుతుంది” అంటిమి. “అలాగేనండి మాస్టారూ” అని లేచిపోయినది. కళాశాలకు మరల పోలేదు. ఫిర్యాదుల సమితి యొకటి యుండునని ఆమె యెఱుగదు, మేమును నాడెఱుగము. చెడ్డమనస్సుతో ఆ మాట చెప్పలేదు. ధర్మరాజును చెడ్డమనస్సుతో చెప్పలేదు గదా! ఆమె చదువు మాత్రము అక్కడితో ఆగిపోయినది. ఆ బాలిక యిప్పుడొక బట్టల దుకాణములో లెక్కలు వ్రాయుచున్నది. తెరువున కనబడినపుడు నమస్కరించును. ఆ నమస్కారమును మేము తలయెత్తి యందుకొనలేము.

కావున మా విన్నపము ఉపాధ్యాయులకు ముఖ్యముగా. కీచకవధ చెప్పుడు; మానవలదు. అయితే నర్తనశాల యొద్ద నాపక, సైరంధ్రిని వెడలిపొమ్మన్న చోటివఱకు చెప్పుడు. పై చదువులకు బోవు ప్రతి బిడ్డకును, ఆడుబిడ్డకే గాక మగబిడ్డకును, ఆ కళాశాలలో సమితి యున్నదా, సభ్యులెవరు, ఫిర్యాదు నెచ్చట నీయవలెను అను మూడు ప్రశ్నలు చేరిననాడే యడుగుమని నేర్పుడు. ఎవరైన వచ్చి చెప్పుకొన్న, ఓర్చుకొమ్మని గాక, ఏమి కావలెనమ్మా యని యడుగుడు. రావలసినచోటికి వెంట రండు. పదునెనిమిదేండ్లు నిండని బిడ్డ విషయమైనచో, తెలిసియు దాచుట 2012 నాటి పోక్సో చట్టముచే నేరమని గుర్తుంచుకొనుడు.

వెనుక వరుసలోని బాలికకు మేము సోమవారమున సమాధానము చెప్పితిమి. రాణిని ఎవరును ఏమియు ననలేదమ్మా, అనవలసినవారు సభలో కూర్చుండియు అనలేదు, అది ఆ సభ తప్పు, దానిని నీకు చెప్పకపోవుట మా తప్పు అంటిమి. ఆమె పుస్తకములో ఏమో వ్రాసికొని కూర్చున్నది. ఆనాడు చప్పట్లు లేవు.