జ్వరం లేని రోజు బ్రెడ్డు

మా వైపు బ్రెడ్డంటే జ్వరం తిండి. పాలల్లో ముంచి పిల్లల నోట్లో పెట్టడానికో, ఆసుపత్రిలో ఉన్నవాళ్లను చూడబోతూ బత్తాయిలతో పాటు పట్టుకెళ్లడానికో తప్ప దానికి వేరే మర్యాద లేదు. అలాంటిదాన్ని వియ్యాలవారికి పెట్టాల్సి వచ్చింది. జగ్గయ్యపేట నుంచి సాయంత్రం నందిగామ వస్తామని వాళ్లు పొద్దున్నే చెప్పారు. గారెలకు మినప్పప్పు నానబోయడం మరిచింది నేనే.

ఇటలీవాళ్ల బ్రుస్కెట్టా గుర్తొచ్చింది. హోటళ్లలో 'బ్రుషెట్టా' అంటుంటారుగానీ వాళ్ల పలుకుబడి 'స్కె'యే. రోమ్ వైపు యాసలో నిప్పుల మీద కాల్చడం 'బ్రుస్కారె'; పేరు అందులోంచే పుట్టింది. టమాటా ఇందులో ఆలస్యంగా వచ్చిన చుట్టం. అమెరికా ఖండం నుంచి అది యూరప్ చేరిందే 16వ శతాబ్దంలో. అసలు సరుకు కాల్చిన రొట్టె, వెల్లుల్లి, ఉప్పు, ఆలివ్ నూనె, అంతే. టస్కనీలో దాన్ని 'ఫెట్టుంటా' అంటారు, నూనె ముక్క అని. గానుగ నుంచి కొత్త నూనె రాగానే రొట్టె కాల్చి, దాని మీద పోసుకుని రుచి చూస్తారు. ఆవకాయ కలిపిన బేసిన్లో వేడన్నం వేసి తుడుచుకు తినే మనకు ఈ సంబరం విడమరిచి చెప్పాలా?

చిక్కల్లా మన బేకరీ బ్రెడ్డుతోనే. మెత్తన, పైగా కాస్త తీపి. టమాటా పడిందా, నిమిషంలో తడిసిన అట్టముక్క. అందుకే ముక్కలు కోయనిది అడిగి తెచ్చి, వేలెడు మందాన కోశాను. ఇనప పెనం మీద, నూనె చుక్క లేకుండా, సన్నటి సెగన రెండు వైపులా కాల్చాలి. ఎర్రబడి గరుకెక్కిన ముక్క మీద పచ్చి వెల్లుల్లి రుద్దితే తురుముపీట మీద రుద్దినట్టు అరిగిపోతుంది. రెండు రుద్దులు చాలు, మూడోది ఘాటు. టమాటాలు గట్టివి తీసుకుని, గింజలు తీసేసి, సన్నగా తరిగి, ఉప్పు వేసి జల్లెట్లో పావుగంట ఉంచితే నీరంతా దిగిపోతుంది. ఆ నీళ్లు పారబోయకండి, చారులోకి పనికొస్తాయి.

వాళ్లు వేసే ఆకు బేసిల్, మన సబ్జా గింజల మొక్కదే. పెరట్లో లేదు. తులసి దాని చుట్టమేగానీ ఘాటు వేరు. అయినా కోటలో మొక్కను తుంచి టమాటాలో కలపడానికి నాకు చేతులు రాలేదు. కొత్తిమీరతో సరిపెట్టాను. ఆలివ్ నూనె సీసా మా కోడలు హైదరాబాద్ నుంచి తెచ్చింది.

"చిల్లకల్లు దాటాం" అని ఫోన్ రాగానే టమాటాలకు ఉప్పు పట్టించాను. గేటు చప్పుడయ్యాకే పెనం పెట్టాను. ముందే చేసి మూతపెట్టే వంట కాదిది.

పళ్లెం చూసి వదినగారు గొంతు తగ్గించారు. "ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగాలేదా వదినగారూ?"

కొరికాక కరకరమన్న చప్పుడే జవాబు చెప్పింది. అన్నయ్యగారు మాత్రం "కారం?" అన్నారు. మా మెట్ట 2022లో ఎన్టీఆర్ జిల్లాలోకి మారిందిగానీ నాలుక మారలేదు; మిరప పండే నేల. రెండో వాయికి పచ్చిమిర్చి తరిగాను. నాలుగో ముక్కకు ఆయన టమాటా వద్దన్నారు. ఆవకాయ జాడీ తెప్పించి, పైకి తేలిన ఎర్రనూనె చెంచాడు పోయించుకున్నారు.